పళ్ళెం చప్పుడుకి వచ్చే పిల్ల

మా భోజనాల బల్ల మీద మామిడి తాండ్ర పొట్లం ఒకటి పడి ఉంది. నేను తినను, ఎవరికీ పెట్టను, తీసి లోపల దాచను. పొద్దున్నే గిన్నెలు తోమడానికి వచ్చే అమ్మాయి బల్ల తుడిచేటప్పుడు దాన్ని ఎత్తి, కింద తుడిచి, మళ్ళీ అక్కడే పెడుతుంది. "ఏంటి మేడమ్, దీన్ని చూసుకోడానికి కొన్నారా?" అని నిన్న అడిగింది. అడగదూ మరి! షుగరొచ్చి ఏళ్ళయిన మనిషి తాండ్ర ఎదురుగా పెట్టుకుని కూర్చుంటే ఎవరికైనా అనుమానమే. తినడానికి కాదులే తల్లీ అని ఊరుకున్నాను. ఎందుకో చెప్పాలంటే క్యాంపస్ పిల్లలు మా ఇంటికి రావడం దగ్గర మొదలుపెట్టి, మా నాయనమ్మ దాకా వెనక్కి పోవాలి. అంత తీరిక ఆ అమ్మాయికెక్కడిది, ఇంకా నాలుగిళ్ళు చేసుకోవాలి.

నూజివీడులో ఇప్పుడు ఎటు చూసినా ఇంజనీరింగు క్యాంపస్ పిల్లలే. ఆటోల్లో వాళ్ళే, జిరాక్సు షాపుల ముందు వాళ్ళే, సాయంత్రం బజ్జీల బండి చుట్టూ వాళ్ళే. అందులో కొంతమంది ఆదివారాలు ఎదుగుదలలో వెనకబడిన పిల్లల దగ్గరికి వెళ్ళి ఆడించి, నేర్పించి వస్తున్నారట. ఆ గుంపులోంచి హారిక అనే కళ్ళజోడు పిల్ల ఇద్దరు స్నేహితురాళ్ళని వెంటేసుకుని మా ఇంటికొచ్చింది. చెప్పులు గుమ్మం బయటే విప్పి, మంచినీళ్ళు తాగి, వచ్చిన పని చెప్పింది. "మేడమ్, మీరు డిగ్రీలో ఉండగా ఇలాంటి పిల్లలకి వాలంటీర్‌గా చేశారంట కదండీ. మాలో కొత్తగా చేరినవాళ్ళకి ఇన్‌స్పిరేషన్‌గా ఉండేలా నాలుగు మాటలు చెప్పాలి." నాకు నవ్వొచ్చింది. ఇన్‌స్పిరేషనా, నా దగ్గరా! నా దగ్గరుంటే మోకాళ్ళ నెప్పి ఉంది, అది కావాలంటే పట్టుకెళ్ళమన్నాను. ఆ పిల్ల నవ్వి ఊరుకోలేదు. ఆటిజం, డౌన్ సిండ్రోమ్, సెరిబ్రల్ పాల్సీ అని ఒక్కో సంగతీ వివరంగా చెప్పుకొచ్చింది. మా రోజుల్లో వీటన్నిటికీ కలిపి ఊళ్ళో ఒకటే మాట. ఆ మాట ఇక్కడ రాయను, మీకు తెలిసిందే.

నేను కాదనడానికి ఏదో వంక వెతుక్కుంటూ ఉండగా హారిక మాటల్లో మాటగా అంది. "ఆగిరిపల్లి దాటాక ఒక తోటలో ఒకావిడ ఉన్నారు మేడమ్. చిన్నపిల్ల కాదు, జుట్టు కూడా నెరిసింది. మాట రాదు, పేరు పెట్టి పిలిస్తే తిరిగి చూడరు. కానీ వాళ్ళమ్మ స్టీలు పళ్ళెం మీద గరిటెతో కొడితే ఎక్కడున్నా వచ్చేస్తారు. వచ్చి చెయ్యి చాపుతారు. మా ప్రోగ్రాం చిన్నపిల్లలకే కాబట్టి ఆవిణ్ణి చేర్చుకోవడం కుదరలేదు." నా చేతిలో కాఫీ గ్లాసు చేతిలోనే ఉండిపోయింది. పేరేంటి అని అడిగాను. అడగక్కర్లేదు, నాకు తెలుసు. అయినా అడిగాను. "రూతు అండీ," అంది హారిక.

వాళ్ళు వెళ్ళగానే విజయకి ఫోన్ చేశాను. విజయ అంటే ఆ రోజుల్లో నాతోపాటు పళ్ళెం కొట్టిన మనిషి. ఇప్పుడు హైదరాబాదులో మనవల్ని ఆడిస్తోంది. "విజయా, రూతు ఉందే. బతికే ఉంది," అన్నాను. అవతల మనవల గోల వినిపించింది. తర్వాత, "స్టవ్ మీద పాలున్నాయి ప్రమీలా, మళ్ళీ చేస్తా," అని పెట్టేసింది. ఇంతవరకూ చెయ్యలేదు. నేనూ చెయ్యలేదు.

అప్పట్లో మాది చర్చి వెనక వీధిలో పెంకుటిల్లు. నాన్న హైస్కూల్లో లెక్కల మాస్టారు, అమ్మ కుట్టు మిషను ముందు కూర్చుంటే లేచేది కాదు, ఇంటి పెత్తనమంతా నాయనమ్మది. మామిడి కాలం వచ్చిందంటే మా ఇల్లు ఇల్లులా ఉండేది కాదు. గంపలకి గంపలు చిన్నరసాలు దిగేవి. పొద్దున ప్రార్థన కాగానే నాయనమ్మ కుచ్చిళ్ళు ఎగ్గట్టి పళ్ళు పిసికి, పీచు తీసి, బెల్లం కలిపి, వాకిట్లో మంచాల మీద తాటాకు చాపలు పరిచి ఆ రసాన్ని పల్చగా పులిమేది. అది ఎండితే దాని మీద ఇంకో పూత, అది ఎండితే మరోటి. ఈగలు వాలకుండా పాత వాయిలు చీర కప్పేది. చీమలు ఎక్కకుండా మంచం కోళ్ళ కింద నీళ్ళ చిప్పలు పెట్టేది. ఆ పులుపూ తీపీ కలిసిన వేడి వాసన మా జుట్టుకీ, దిళ్ళకీ, నాన్న బైబిలు అట్టకీ కూడా పట్టేసేది. బాగా మందమయ్యాక తాండ్ర ముక్కలు కోసి, బిస్కెట్ల డబ్బాలో సర్ది, తన మంచం కింద పెట్టుకునేది. ఆదివారం ఆరాధన నుంచి వచ్చాక మనిషికో ముక్క. రెండోది అడిగితే, "పళ్ళు పుచ్చిపోతాయి," అనేది. తనకి పళ్ళు లేవు కాబట్టి తను ఎప్పుడు కావాలంటే అప్పుడు చప్పరించేది.

డిగ్రీ రెండో ఏడు కాలేజీ తెరిచిన కొత్తలో సిస్టర్ ఆగ్నెస్ మా క్లాసుకి వచ్చింది. కేరళ ఆవిడ. పొట్టిగా, గట్టిగా ఉండేది, తెలుగు కూడా గట్టిగానే మాట్లాడేది, తప్పులకి భయపడేది కాదు. ఎదుగుదల లేని పిల్లల కోసం బడి పెట్టానని, సాయంత్రాలు వచ్చి సాయపడే అమ్మాయిలు కావాలని అడిగింది. ఏం చెయ్యాలి సిస్టర్ అని ముందు బెంచీలోంచి ఎవరో అడిగారు. "ముందు ముక్కు తుడవాలి. తర్వాత చూద్దాం," అంది. క్లాసంతా నవ్వింది. మొదటి వారం బోలెడుమందిమి వెళ్ళాం. దసరా సెలవుల నాటికి నేనూ విజయా మిగిలాం. విజయ వాళ్ళది ఆగిరిపల్లి, మామిడి రైతులు, రోజూ బస్సులో కాలేజీకి వచ్చేది. మా ఇంట్లో సంగతి తెలిసి నాయనమ్మ చేతులు పైకెత్తింది. "సొంత తమ్ముడికి అన్నం వడ్డించమంటే వంద వంకలు పెట్టే పిల్ల, ఊళ్ళోవాళ్ళ పిల్లల ముక్కులు తుడుస్తుందట! ప్రభువా, చూస్తున్నావా?"

బడి అంటే బడి కాదది. ఒక మామిడి షావుకారు దయతలిచి ఇచ్చిన ప్యాకింగ్ షెడ్డు. కాయ లేని నెలల్లో ఖాళీగా ఉంటుంది కాబట్టి వాడుకోమన్నాడు. మూలన చెక్కపెట్టెలు, వరిగడ్డి, ఎప్పటివో మగ్గిన పళ్ళ వాసన. కాయ దిగడం మొదలైతే షెడ్డు షావుకారుకి అప్పజెప్పాలి. అదే రోజుల్లో మాకు పరీక్షలు. అదే రోజుల్లో ఆ పిల్లల అమ్మానాన్నలకి తోటల్లో పని. అంటే మామిడి వస్తే పిల్లలు తోటలకి, మేము చదువులకి, సిస్టర్ ఒక్కతే కాన్వెంటుకి. ఏడాదంతా చెంచా పట్టుకోవడం నేర్పిన పిల్ల వానాకాలం మళ్ళీ వచ్చేసరికి చెంచా ఎటు పట్టుకోవాలో మర్చిపోయి వచ్చేది. మళ్ళీ మొదట్నుంచీ. ఎవర్ని తిట్టుకోవాలో తెలిసేది కాదు. కాయని తిట్టుకుంటామా?

రూతు అక్కడికి వచ్చేనాటికి తొమ్మిదేళ్ళో పదేళ్ళో. బొద్దుగా, గుండ్రటి మొహం. నవ్వేది, కానీ మనల్ని చూసి కాదు. నడిచేది. నడవడం తప్ప వేరే పని లేదు. తలుపు తీసి ఉంటే చాలు, వెనక్కి తిరిగి చూడకుండా పోయేది. ఒకసారి విస్సన్నపేట రోడ్డు మీద లారీ డ్రైవరెవరో పట్టుకుని అప్పజెప్పాడు. పేరు పెట్టి పిలిస్తే చెవిటిదేమో అనిపించేది. చెవులు బాగానే ఉన్నాయని డాక్టరు చెప్పాడు. ఒకరోజు ఒళ్ళంతా అన్నం పోసుకుంటే గౌను మార్చబోయి చూశాం. నడుం చుట్టూ నల్లగా కాయలు కాచిన గీత. మాకు ఒళ్ళు మండిపోయింది. సాయంత్రం వాళ్ళమ్మ సంతోషమ్మ పిల్లని తీసుకెళ్ళడానికి రాగానే విజయ ఆమె మీద విరుచుకుపడింది. "కన్నబిడ్డని గొడ్డుని కట్టేసినట్టు కడతావా? నువ్వసలు మనిషివేనా?"

సంతోషమ్మ కూలికి వెళ్ళేది, సీజన్‌లో మొగుడితో కలిసి తోట కాపలా ఉండేది. కోపం తెచ్చుకోలేదు. పిల్ల చెయ్యి పట్టుకుని నిలబడి, "కట్టానండీ," అంది. "మేముండే తోటలో గట్టు లేని బావుంది అమ్మాయిగారూ. కాయలు ఏరుకునేదాన్ని, పెట్టెలు మోసుకునేదాన్ని, దీని ఎనకమాల ఎంత దూరమని పోను? మీరొచ్చి పట్టుకుంటారా పొద్దుగూకేదాకా?" పోతూ పోతూ గుమ్మం దగ్గర ఆగి మళ్ళీ అంది. "దీనికి అక్షరాలొద్దండీ, మాటలొద్దు. పిలిస్తే ఎనక్కొచ్చేట్టు చెయ్యండి చాలు. ఆ రోజే ఇప్పేస్తాను." ఇప్పటిదాకా మాకు ఏం నేర్పాలో తెలియకుండా నేర్పుతున్నాం. ఇప్పుడు తెలిసింది.

పేరు పెట్టి పిలిచాం, ముద్దు పేరు పెట్టి పిలిచాం, చప్పట్లు కొట్టాం, ఈల వేశాం, చర్చిలో కొట్టే తాళాలు తెచ్చి మోగించాం. ఊహూఁ. కాలేజీ సగం పూటే ఉన్న ఒక మధ్యాహ్నం విజయ షెడ్డులో అన్నం తింటూ, రేపటి సెమినార్ గురించి చిరాకుపడుతూ గరిటెతో పళ్ళెం మీద టంగు టంగున కొట్టింది. గుమ్మం దాటబోతున్న రూతు ఆగింది. వెనక్కి తిరిగింది. విజయ మళ్ళీ కొట్టింది. ఆ పిల్ల నడిచి వచ్చి మా ముందు నిలబడింది. నాకు ఏడుపొచ్చింది, సిగ్గులేకుండా ఏడ్చాను. నా సంచిలో ఆదివారం దాచుకున్న తాండ్ర ముక్క ఉంటే తీసి ఆ అరచేతిలో పెట్టాను. చప్పరించి, కళ్ళు మూసుకుంది. మూతి చుట్టూ అంతా పూసుకుంది.

ఇక చూడండి. కార్తీకం చలి నుంచి మామిడి పూత దాకా ఇదే పని. షెడ్డు ఆ చివర నేను, ఈ చివర విజయ. పళ్ళెం మోగితే రూతు వస్తుంది, చెయ్యి చాపుతుంది, తాండ్ర పెడతాం. తర్వాత ఆవరణలోకి మార్చాం, తర్వాత రోడ్డు దాకా. చిరుతిళ్ళు పెట్టి మాలిమి చెయ్యడం సిస్టర్‌కి గిట్టదు. "పిల్ల అది, కుక్కపిల్ల కాదు," అనేది. అందుకని ఆవిడ చూడకుండా పెట్టేవాళ్ళం. సంతోషమ్మ పొద్దున దింపి, సాయంత్రం తీసుకుపోయే మనిషి, ఆమెకీ తెలియదు. ఇంట్లో నాయనమ్మ డబ్బా అడుగంటుతోంది. నేను ఆవిడ ప్రార్థనలో కళ్ళు మూసుకున్నప్పుడు మంచం కిందకి చెయ్యి పెట్టేదాన్ని. ఆవిడ కళ్ళు మూసుకునే, "ఈ ఏడు మనింట్లో చీమలు ఓణీలేసుకుని తిరుగుతున్నాయే కోడలా," అనేది అమ్మతో. మర్నాడు చూస్తే డబ్బా మంచం కింద లోపలి గోడవార నుంచి చేతికందేలా ముందుకి జరిగి ఉండేది. ఒక్కనాడూ నన్ను అడగలేదు ఆ మహాతల్లి.

పిందె పడే రోజుల్లో సంతోషమ్మని రమ్మని కబురు పెట్టాం. సిస్టర్ కూడా నిలబడింది. రూతుని వదిలేశాం. అలవాటుగా గేటు వైపు పోయింది, గేటు దాటింది. సంతోషమ్మ మొహం పాలిపోయింది. విజయ పళ్ళెం ఆమె చేతికిచ్చి కొట్టమంది. ఆమె కొట్టింది. రూతు వెనక్కి తిరిగి, నేరుగా అమ్మ ముందుకొచ్చి నిలబడి, చెయ్యి చాపింది. సిస్టర్ ఎదురుగా ఉంది కాబట్టి మేము తాండ్ర బయటికి తియ్యలేదు. సంతోషమ్మ ఆ చాపిన చేతిని చూసింది. చూసి, తన చెయ్యి అందులో పెట్టి, బావురుమంది. "నన్నడుగుతాందమ్మా! నా చెయ్యి అడుగుతాంది నా బిడ్డ!" మేమూ ఏడ్చాం, సిస్టర్ కళ్ళజోడు తుడుచుకుంది. సంతోషమ్మ తన కొంగున చుట్టి తెచ్చుకున్న చీర పేలిక, అదే పిల్లని కట్టేది, తీసి సిస్టర్ చేతిలో పెట్టింది. "తుడుచుకోడానికి పనికొస్తది," అంది. సిస్టర్ ఆ పళ్ళెం, గరిటె ఆమెకిచ్చి పంపింది. ఆ రాత్రి ఇంట్లో నేను చెప్పిన గొప్పలు భరించలేక తమ్ముడు దుప్పటి కప్పుకున్నాడు.

షెడ్డులో కాయ దిగింది. మేము పరీక్షలు రాశాం. ఆఖరి పేపరు అయిన మర్నాడు విజయ వాళ్ళ నాన్న మోపెడ్ వేసుకుని రూతుని చూడ్డానికి బయల్దేరాం. పండగకి పోతున్నట్టు పోయాం. తల దువ్వుకుని, పూలు పెట్టుకుని మరీ. మట్టిరోడ్డులోకి తిరిగాక రెండు పక్కలా తోటలు, కొమ్మలు నేలకి వంగి కాయ. ఏదో తోటలో డబ్బా మోగింది. కోతుల్ని తోలుతున్నారు. ఇంకొంచెం పోయాక ఇంకో తోటలో, టంగు టంగున, నూనె డబ్బా మీద కర్రతో. విజయ మోపెడ్ ఆపేసింది. వెనక్కి తిరిగి నా మొహంలోకి చూసింది. "ప్రమీలా, ఆ చప్పుడు..." అంది.

మేమిద్దరం పుట్టింది ఈ మామిడి తోటల మధ్యే. పుట్టినప్పట్నుంచీ ప్రతి ఎండాకాలం ఆ డబ్బాల మోత వింటూనే పెరిగాం. పిందె దగ్గర్నుంచీ కాయ కోసేదాకా పొద్దస్తమానం ఏదో ఒక తోటలో మోగుతూనే ఉంటుంది. ఎంత విన్నామంటే ఇక వినపడదు, ఇంట్లో గడియారం చప్పుడు ఇంట్లోవాళ్ళకి వినపడనట్టు. చర్చి తాళాల దాకా అన్నీ గుర్తొచ్చాయి కానీ ఇది గుర్తు రాలేదు. సిస్టర్ అంటే కేరళ నుంచి వచ్చిన మనిషి, పైగా కాయ కాలంలో కాన్వెంటులో ఉండేది. మాకేమొచ్చింది? సంతోషమ్మ కూడా ఆ డబ్బా రోజూ కొట్టే మనిషే, ఆమెకీ తట్టలేదు.

మేం వెళ్ళేసరికి రూతు ఒక చెట్టుకి కట్టేసి ఉంది. జరిగింది సంతోషమ్మ చెప్పింది. తోటకి వచ్చిన మొదటి రోజే పక్క తోటలో డబ్బా మోగితే రూతు అటు పోయిందట. అక్కడికి చేరేసరికి అది ఆగి, ఇంకో తోటలో మోగిందట. అలా తోట నుంచి తోటకి పోయింది. ఈమె పళ్ళెం కొడుతూ వెనకాల పరిగెత్తింది, కానీ ఎన్ని చప్పుళ్ళలో ఏది అమ్మదో ఆ పిల్లకేం తెలుసు? చివరికి ఒక తోటలో గట్టు లేని బావికి అవతల ముసలాయన డబ్బా కొడుతున్నాడు. ఇవతల నుంచి రూతు ఆయన వైపే నేరుగా నడిచి వస్తోంది. మధ్యలో బావి. ఆయన చూశాడు. భయంతో ఆయన చెయ్యి ఆగిపోయింది. చప్పుడు ఆగేసరికి రూతు కాళ్ళూ ఆగాయి. ఆయన ఇంకొక్క దెబ్బ కొట్టి ఉంటే మాకు చెప్పడానికి సంతోషమ్మ దగ్గర వేరే కథ ఉండేది.

అది కూడా కాదు. మేము అక్కడ నిలబడి చూసింది ఇంకొకటి ఉంది. నిరుడు కట్టేస్తే రూతు చెట్టు కింద ఎండుటాకులతో ఆడుకుంటూ కూర్చునేదట. ఇప్పుడు ఎక్కడ డబ్బా మోగినా లేచి అటు లాగుతోంది. చెయ్యి ముందుకి చాపి లాగుతోంది. తాడు నడుంలోకి దిగి చర్మం చీరుకుపోయి రసి కారుతోంది. అటు ఆగితే ఇటు మోగుతుంది, ఇటు తిరిగి లాగుతుంది. పొద్దున్నుంచి సాయంత్రం దాకా అదే. విజయ పరిగెత్తుకుంటూ వెళ్ళి వాటేసుకుంటే విజయని కూడా ఈడ్చుకుపోయింది. "ఇదేంటక్కా, ఇదేంటి," అని అంటున్నానే గాని నాకేం చెయ్యాలో తోచలేదు. సంతోషమ్మ మమ్మల్ని ఒక్క మాటా అనలేదు. "మీరు మంచికే చేశారమ్మాయిగారూ," అని కుండలోంచి మంచినీళ్ళిచ్చింది. తిట్టినా బాగుండేది.

తర్వాత మేము చేసినవన్నీ చెబితే నవ్వుతారు. చెవుల్లో దూది పెట్టాం, పీకేసింది. విజయ వాళ్ళ నాన్నని డబ్బాలు కొట్టించొద్దని బతిమాలింది. "మన తోటలో మానిపిస్తానమ్మా," అన్నాడాయన, "చుట్టూ ఉన్న తోటలవాళ్ళకి ఎవరు చెబుతారు? కోతులకెవరు చెబుతారు?" కాన్వెంటుకి పరిగెత్తాం. సిస్టర్ ఆగ్నెస్ అంతా వింది. "నేర్పడం నాకు వచ్చు. నేర్చుకున్నది మర్చిపోయేలా చెయ్యడం నాకు రాదు," అంది. ప్రార్థన చేద్దామంది. చేశాం. ఆ ఏడు నాయనమ్మ తాండ్ర పెడుతుంటే నేను వాకిట్లోకి పోలేదు. ఎందుకే అని కూడా ఆవిడ అడగలేదు. వానలు పడేసరికి సంతోషమ్మ వాళ్ళు వేరే ఎవరి తోటకో వెళ్ళిపోయారని తెలిసింది. రూతు మళ్ళీ షెడ్డుకి రాలేదు. నేను చదువు ముగించి, టీచర్ ఉద్యోగం తెచ్చుకుని, ఊళ్ళు తిరిగి, రిటైరై, మళ్ళీ ఈ ఊరే చేరాను.

మొన్న ఆదివారం హారికని వెంటబెట్టుకుని ఆటోలో ఆగిరిపల్లి వైపు వెళ్ళాను. దారిలో షాపులో తాండ్ర పొట్లం కొన్నాను, ప్లాస్టిక్ కవరులో గట్టిగా అంటించి ఉంది, వాసన కూడా రాదు. మా నాయనమ్మ చూస్తే దీన్ని తాండ్ర అననే అనదు. దారి పొడుగునా హారిక ఒక్కో పిల్లకీ తాము పెట్టుకున్న లక్ష్యాలు, ఫోన్లో ఎక్కించుకునే బొమ్మలు, నెలకోసారి వచ్చి చూసే డాక్టరు గురించి చెబుతోంది. మంచిదే, మాకు అవేవీ లేవు. వేసవికి మీ క్యాంపస్ మూసేస్తే ఆ పిల్లలు ఎక్కడుంటారమ్మా అని అడిగాను. కళ్ళజోడు సర్దుకుంది. "పేరెంట్స్‌తో మేడమ్. తోటల్లో," అంది. మళ్ళీ తనే, "తిరిగొచ్చాక కొంచెం వెనకబడతారు," అంది. ఇప్పటికీ కాయ ఎప్పుడొస్తే బడి అప్పుడు మూత.

సంతోషమ్మ తోటలో రేకుల పాక ముందు మంచం మీద కూర్చుని ఉంది. ముసలిదైపోయింది. కుడిచెయ్యి పక్షవాతంతో పడిపోయి ఒళ్ళో ఉంది. నన్ను గుర్తుపట్టడానికి కొంచెం సేపు పట్టింది. "మాస్టారి అమ్మాయిగారా! తల్లీ, జుట్టంతా నెరిసిపోయిందేంటండీ!" అని ఎడంచేత్తో నా బుగ్గ నిమిరింది. రూతు కనపడలేదు. అడగాలనుకున్నది అడిగేశాను. "ఎన్నాళ్ళు కట్టావక్కా?"

"డబ్బాలు మోగినన్నాళ్ళూ కట్టానండీ. పిందె పడితే కట్టేదాన్ని, కాయ అయిపోతే ఇప్పేదాన్ని. ఇప్పుడు కోతులకి గన్నులొచ్చినయ్ గదా, ఢామ్మని పేల్తయ్, డబ్బాలెవురూ కొట్టట్లా. అప్పుడు ఇప్పేశాను. అప్పటికి దానికి పెళ్ళీడు కూడా దాటిపోయింది," అంది మామూలుగా, వానల సంగతి చెప్పినట్టు. తర్వాత మంచం కింద నుంచి పళ్ళెం తీసింది. సిస్టర్ ఇచ్చిందే. నడిమధ్యన దెబ్బలకి గుంట పడి ఉంది. "ఉండండి, పిలుస్తాను. మిమ్మల్ని చూస్తది."

ఎడంచేత్తో కొట్టింది. చెట్ల వరసల్లోంచి రూతు వచ్చింది. లావుగా, తల నెరిసి, అదే గుండ్రటి మొహం, అదే మనల్ని చూడని నవ్వు. వచ్చి అమ్మ ముందు నిలబడి అరచెయ్యి చాపింది. నేను సంచిలో చెయ్యి పెట్టి తాండ్ర పొట్లం పట్టుకున్నాను. తియ్యబోతున్నాను. ఈలోపు సంతోషమ్మ పడిపోయిన కుడిచేతిని ఎడంచేత్తో ఎత్తి, జాగ్రత్తగా కూతురి అరచేతిలో పెట్టింది.

"మీ షెడ్డు కాడ అడిగింది చూడండీ, అప్పట్నుంచి ఇదే," అంది. ఆమె మొహం వెలిగిపోతోంది. "మాట లేదు, పలుకు లేదు, కానీ అమ్మ చెయ్యి అడక్కుండా ఒక్కనాడు ఉండదు. కాసేపు పట్టుకుంటది, వదిలేస్తది, మళ్ళీ చాపుద్ది. ఎంత ఆశో దీనికి! కట్టేసినప్పుడు కూడా నా చెయ్యే అడిగింది గాని నన్ను పొమ్మన్లేదు. ఆ చెయ్యి చూసే బతికానండీ నేను." ఎడంచేత్తో కూతురి చెయ్యి నిమిరింది. "ఒకటే దిగులమ్మాయిగారూ. నేను పోయాక పళ్ళెం ఎవురైనా కొడతారు. చెయ్యి ఎవురిస్తారు దీనికి?"

సంచిలో నా వేళ్ళ మధ్య ప్లాస్టిక్ కవరు చప్పుడవుతోంది. ఎవరైనా ఇవ్వొచ్చక్కా, తాండ్ర ముక్క చాలు, అంతే అడుగుతోంది, అన్నేళ్ళనుంచీ అదే అడుగుతోంది అని ఒక్క మాట చెబితే ఆమె దిగులు తీరిపోతుంది. కూతురు అడిగింది దొరికిపోతుంది. కానీ ఆ మాట చెబితే ఆ ముసలితల్లికి ఇన్నేళ్ళలో ఏం మిగులుతుంది? చెప్పకపోతే రూతుకి ఏం మిగులుతుంది? హారిక నా వైపు చూస్తోంది, మేడమ్‌కి ఏమైందా అని.

రూతు అమ్మ చెయ్యి వదిలేసి, ఇటు తిరిగి, నా ముందు అరచెయ్యి చాపింది. "చూశారా, మిమ్మల్ని గుర్తుపట్టింది!" అని సంతోషమ్మ పొంగిపోయింది. "ఇవ్వండమ్మాయిగారూ, మీరూ ఇవ్వండి చెయ్యి." నేను పొట్లం వదిలేసి, ఖాళీ చెయ్యి సంచిలోంచి తీసి, ఆ గరుకు అరచేతిలో పెట్టాను. రూతు పట్టుకుంది. పట్టుకుని, నా వేళ్ళు ఒక్కొక్కటే విప్పి, లోపలికి చూసింది.